వేల్ వాచింగ్‌కు వెళ్తున్నారా? బోటు 1000 గజాల దూరంలోనే ఎందుకు ఆగుతుంది.. లైసెన్స్ ఎవరికి ఉండాలి.. పూర్తి వివరాలు

సియాటెల్, రెడ్‌మండ్, బెల్‌వ్యూ.. ఐటీ ఉద్యోగాలతో వేల సంఖ్యలో తెలుగు కుటుంబాలు ఉంటున్న ప్రాంతాలివి. సమ్మర్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చూపించే ప్లేసుల లిస్టులో శాన్ వాన్ దీవుల దగ్గర వేల్ వాచింగ్ తప్పకుండా ఉంటుంది. టికెట్ కొంటారు, రెండు మూడు గంటలు సముద్రంలో తిరుగుతారు. తీరా దూరంగా నల్లటి రెక్కలు కనిపించగానే కెప్టెన్ స్పీడ్ తగ్గిస్తాడు. ఒక్కోసారి బోటును పూర్తిగా పక్కకు తిప్పేస్తాడు. "ఇంత డబ్బు కట్టాం, దగ్గరికి తీసుకెళ్లరేంటి?" అనే మాట బోటులో వినిపించేది అప్పుడే.

కారణం సింపుల్. దగ్గరికి వెళ్తే అది చట్ట విరుద్ధం. వాషింగ్టన్ రాష్ట్రంలో వేల్ వాచింగ్ చేయించే కంపెనీకి ప్రత్యేక లైసెన్స్ ఉండాలి. 2025 జనవరి 1 నుంచి అక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కాలకు ఏ బోటైనా 1000 గజాల దూరం పాటించాల్సిందే. ఇంటి స్థలం కొలిచే గజమే ఇదీ. 1000 గజాలంటే దాదాపు 914 మీటర్లు. అంటే కిలోమీటరుకు కాస్త తక్కువ.

అసలు ఈ రూల్స్ ఎలా వచ్చాయి? ఏ బోటుకు ఏం వర్తిస్తుంది? టికెట్ కొనే ముందు ఏం చూసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు ఇవీ..

* సదరన్ రెసిడెంట్ ఓర్కాలకు వాషింగ్టన్ జలాల్లో కనీస దూరం: 1000 గజాలు
* వేరే రకం ఓర్కాలకు (బిగ్స్ ఓర్కాలు) వాషింగ్టన్ లోపలి జలాల్లో ఫెడరల్ రూల్ ప్రకారం: 200 గజాలు, అంటే సుమారు 183 మీటర్లు
* హంప్‌బ్యాక్ లాంటి పెద్ద తిమింగలాలకు ఈ తీరంలో ఫెడరల్ గైడ్‌లైన్: 100 గజాలు
* సదరన్ రెసిడెంట్‌లకు అర నాటికల్ మైలు లోపల స్పీడ్: 7 నాట్లు మించకూడదు, అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్లు
* రాష్ట్ర చట్టం ఉల్లంఘిస్తే: 500 డాలర్ల ఫైన్, దానిపై అదనపు చార్జీలు
* టూర్ కంపెనీలకు: ఏటా రాష్ట్ర లైసెన్స్ తప్పనిసరి

ఇంతకీ ఎవరీ సదరన్ రెసిడెంట్లు?

ఓర్కాను కిల్లర్ వేల్ అంటారు కానీ శాస్త్రపరంగా ఇది డాల్ఫిన్ కుటుంబానికి చెందినది. వాషింగ్టన్, బ్రిటిష్ కొలంబియా మధ్య ఉండే సేలిష్ సముద్రంలో ప్రధానంగా రెండు రకాల ఓర్కాలు కనిపిస్తాయి. ఒకటి బిగ్స్ ఓర్కాలు. ఇవి సీల్స్, సీ లయన్స్‌ను వేటాడతాయి. వీటి సంఖ్య బాగానే పెరుగుతోంది. రెండోది సదరన్ రెసిడెంట్లు. ఇవి చేపలే తింటాయి, అందులోనూ ఎక్కువగా చినూక్ సాల్మన్. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా ఒకదానితో ఒకటి కలవవు. తిండి వేరు, అరుపులు వేరు, బతుకు తీరే వేరు.

సదరన్ రెసిడెంట్లు జె, కె, ఎల్ అనే మూడు గుంపులుగా జీవిస్తాయి. పిల్లలు పెద్దయ్యాక కూడా తల్లిని వదిలి పోవు. 1995లో ఇవి 98 ఉండేవి. 2024 జులై లెక్కల నాటికి 73కు పడిపోయాయి.

వీటి కష్టాలు ఇప్పుడు మొదలైనవి కావు. 1960లు, 70ల్లో మెరైన్ పార్కుల కోసం వీటి పిల్లలను వలలు వేసి పట్టుకెళ్లారు. 1970లో పెన్ కోవ్ దగ్గర పట్టిన ఆడ ఓర్కా టోకిటే, లోలిటా పేరుతో దశాబ్దాల పాటు మయామీలోని ఒక కొలనులో ప్రదర్శనలిచ్చి 2023 ఆగస్టులో చనిపోయింది. అలా ఒక తరం పిల్లలు పోవడంతో గుంపుల్లో సంతానం కనే వయసువి తగ్గిపోయాయి. ఆ దెబ్బ నుంచి ఇప్పటికీ తేరుకోలేదు.

2018 జులైలో జె35 అనే తల్లి ఓర్కా ప్రపంచం మొత్తాన్ని కదిలించింది. పుట్టిన కాసేపటికే చనిపోయిన పిల్లను 17 రోజుల పాటు తలపై మోస్తూ ఈదింది. 2024 డిసెంబర్‌లో పుట్టిన మరో పిల్ల కూడా కొద్ది రోజులకే చనిపోవడంతో 2025 జనవరిలో మళ్లీ అదే దృశ్యం కనిపించింది. ఒక్క పిల్ల బతకడం కూడా ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఇదే ఉదాహరణ.

బోటుతో వాటికి వచ్చిన ఇబ్బందేంటి?

సైంటిస్టులు చెప్పే ముప్పులు మూడు. తిండి లేకపోవడం, అంటే చినూక్ సాల్మన్ తగ్గిపోవడం. ఒంట్లో పేరుకుపోయే పీసీబీల్లాంటి విష రసాయనాలు. మూడోది బోట్ల శబ్దం, వాటి తాకిడి.

ఓర్కా కంటితో కాదు, చెవితో వేటాడుతుంది. టక్ టక్ మని శబ్దాలు చేసి, చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి అది ఎక్కడుందో పసిగడుతుంది. దీన్నే ఎకోలొకేషన్ అంటారు. ఆ టైమ్‌లో పక్కన ఇంజిన్ మోగుతుంటే ప్రతిధ్వని వినపడదు. పెళ్లిలో డీజే పక్కన నిలబడి ఫోన్ మాట్లాడటం ఎంత కష్టమో, ఇదీ అంతే.

అమెరికా సముద్ర వ్యవహారాల సంస్థ నోవా పరిశోధకులు ఓర్కాల ఒంటికి సెన్సర్లు అంటించి గమనించారు. బోట్లు సగటున 400 గజాల కంటే దగ్గరగా ఉన్నప్పుడు ఆడ ఓర్కాలు వేట ఆపేసే అవకాశం ఎక్కువని తేలింది. 2021లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కడుపుతో ఉన్నవి, పాలిచ్చేవి కూడా ఆడవే. అవి తిండి మానేస్తే నష్టం పిల్లల దాకా వెళ్తుంది.

సాల్మన్‌ను పెంచాలన్నా, విషాలు తొలగించాలన్నా ఏళ్లు పడుతుంది. బోటును దూరం జరపడం మాత్రం ఇవాళే చేయొచ్చు. ప్రభుత్వం ముందుగా బోట్లపై పడటానికి కారణం ఇదే.

దేశం మొత్తానికి ఉన్న చట్టాలు

మొదటిది 1972 నాటి మెరైన్ మ్యామల్ ప్రొటెక్షన్ యాక్ట్. ఆ ఏడాది అక్టోబర్ 21న అధ్యక్షుడు నిక్సన్ దీనిపై సంతకం చేశారు. దీని ప్రకారం సముద్ర క్షీరదాలను చంపడం, పట్టుకోవడమే కాదు, వేధించడం కూడా నేరమే. 1994 సవరణలో వేధింపును రెండు స్థాయిలుగా విడగొట్టారు. గాయపరిచే అవకాశం ఉన్నది మొదటి స్థాయి. తిండి, నిద్ర, పిల్లల పెంపకం, వలస లాంటి వాటి సహజ ప్రవర్తనకు అడ్డు తగిలే అవకాశం ఉన్నది రెండో స్థాయి. వేల్ వాచింగ్ బోట్లు ఎక్కువగా ఇరుక్కునేది ఈ రెండో దానిలోనే.

రెండోది 1973 నాటి ఎండేంజర్డ్ స్పీషీస్ యాక్ట్. సదరన్ రెసిడెంట్లను 2005లో ఈ చట్టం కింద అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవులుగా ప్రకటించారు.

వీటి ఆధారంగా 2011లో నోవా ప్రత్యేక రూల్ తెచ్చింది. వాషింగ్టన్ లోపలి జలాల్లో ఏ కిల్లర్ వేల్‌కైనా 200 గజాల దూరం పాటించాలి. అవి వస్తున్న దారిలో 400 గజాల లోపు బోటును అడ్డంగా పెట్టకూడదు. ఈ రెండో పాయింట్ చాలా ముఖ్యం. "మేం దగ్గరికి వెళ్లలేదు, అవే మా దగ్గరికి వచ్చాయి" అని తప్పించుకోవడానికి కొందరు వాటి దారిలో ముందే వెళ్లి కాపు కాసేవారు. ఆ తెలివితేటలకు ఈ రూల్ చెక్ పెట్టింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మామూలు టూర్ బోటు వేల్స్‌ను చూపించడానికి ఈ ఫెడరల్ చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు. వేధించనంత వరకూ దూరం నుంచి చూడటానికి అడ్డు లేదు. పర్మిట్ అవసరమయ్యేది దూరం రూల్‌ను దాటి దగ్గరికి వెళ్లాల్సిన వాళ్లకు. అంటే పరిశోధకులకు. ఎప్పుడైనా ఒక చిన్న బోటు ఓర్కాల పక్కనే కనిపిస్తే అది నోవా పర్మిట్ ఉన్న రీసెర్చ్ బోటు అయి ఉండొచ్చు. దాన్ని చూసి మిగతావాళ్లు వెనకే వెళ్తే ఇబ్బందుల్లో పడతారు. డాక్యుమెంటరీ, సినిమా షూటింగ్‌లకూ ఫొటోగ్రఫీ పర్మిట్ ఉంది. కానీ అంతరించిపోయే జాబితాలో ఉన్న జీవుల విషయంలో అది ఇవ్వరు.

100 గజాల నుంచి 1000 గజాల దాకా..

వాషింగ్టన్ రాష్ట్రం తన సొంత చట్టాన్ని మెల్లమెల్లగా బిగిస్తూ వచ్చింది.

* 2008: తొలిసారి 300 అడుగుల దూరం, అంటే 100 గజాలు
* 2012: ఫెడరల్ రూల్‌తో సమానంగా 200 గజాలు
* 2019: పక్కల నుంచి 300 గజాలు, ముందు వెనకల నుంచి 400 గజాలు. అర నాటికల్ మైలు లోపల 7 నాట్ల స్పీడ్. వేల్ వాచింగ్ కంపెనీలకు లైసెన్స్
* 2025: అన్ని వైపులా 1000 గజాలు

2018లో జె35 ఘటన జరిగిన ఏడాదే అప్పటి గవర్నర్ జే ఇన్‌స్లీ ఓర్కాల రక్షణకు టాస్క్‌ఫోర్స్ వేశారు. సదరన్ రెసిడెంట్లను చూపించే టూర్లను కొన్నేళ్లు పూర్తిగా ఆపేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. టూర్ కంపెనీలు గట్టిగా వ్యతిరేకించాయి. చివరికి 2019లో చట్టసభ నిషేధం బదులు లైసెన్స్ విధానాన్ని ఎంచుకుంది. ఆ రూల్స్ రాసే బాధ్యతను రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకు అప్పగించింది. 2022లో అదే శాఖ చట్టసభకు రిపోర్టు ఇస్తూ, దూరాన్ని 1000 గజాలకు పెంచమని సిఫారసు చేసింది. 2023లో చట్టం పాసైంది. బోటు యజమానులకు అలవాటు పడే టైమ్ ఇచ్చి 2025 నుంచి అమల్లోకి తెచ్చారు.

లైసెన్స్ కావాలంటే ఏం చేయాలి?

వాషింగ్టన్‌లో డబ్బు తీసుకుని వేల్స్‌ను చూపించే వ్యాపారం ఏదైనా లైసెన్స్ పరిధిలోకి వస్తుంది. పెద్ద క్రూజర్ మాత్రమే కాదు, కయాక్ టూర్లు కూడా. లైసెన్స్ ఉన్నవాళ్లు ఏటా ట్రైనింగ్ తీసుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ ఓర్కాలను చూశారో లెక్క రాసి ఇవ్వాలి. మోటార్ బోట్లలో ఏఐఎస్ అనే ట్రాకింగ్ పరికరం ఆన్‌లో ఉండాలి. దీంతో బోటు ఎక్కడికి వెళ్లిందో తర్వాత కూడా చెక్ చేయొచ్చు.

2020 డిసెంబర్‌లో ఆమోదించి 2021 నుంచి అమలు చేసిన రూల్స్ అప్పట్లో చాలా కఠినమైనవిగా పేరు తెచ్చుకున్నాయి. మోటార్ బోట్ల టూర్లు సదరన్ రెసిడెంట్లను దగ్గరగా చూపించడానికి జులై నుంచి సెప్టెంబర్ వరకే అనుమతి. అదీ రోజుకు రెండు స్లాట్లలోనే. ఉదయం 10 నుంచి 12 వరకు, మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు. ఒక గుంపు దగ్గర ఒకేసారి మూడు కమర్షియల్ బోట్లకు మించకూడదు. ఏడాది లోపు పిల్ల ఉన్న గుంపు దగ్గరికి అసలే వెళ్లకూడదు. శాన్ వాన్ దీవి పశ్చిమ తీరంలోని నో గో జోన్‌లోకి ఈ బోట్లు ఏడాది పొడవునా రాకూడదు.

ఇక్కడ "దగ్గరగా" అంటే అర నాటికల్ మైలు లోపల, అంటే 926 మీటర్లు. కొత్త 1000 గజాల రూల్ 914 మీటర్లు. లెక్క చూస్తే రెండింటికీ తేడా 12 మీటర్లే. అంటే 2025 తర్వాత సదరన్ రెసిడెంట్లను దగ్గర నుంచి చూపించే టూర్ అనేది దాదాపు లేనట్టే.

మరి కంపెనీలు ఎలా నడుస్తున్నాయి? ఇప్పుడు వాళ్ల టూర్లన్నీ ప్రధానంగా బిగ్స్ ఓర్కాలు, హంప్‌బ్యాక్, గ్రే, మింకే తిమింగలాల మీదే ఆధారపడ్డాయి. అదృష్టవశాత్తూ బిగ్స్, హంప్‌బ్యాక్‌లు ఈ జలాల్లో మునుపటి కంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి.

కంపెనీల వాదన ఏంటి?

టూర్ ఆపరేటర్లకూ ఒక పాయింట్ ఉంది. ట్రైనింగ్ ఉన్న కెప్టెన్ నిదానంగా నడిపే బోటు అక్కడ ఉంటే, దాన్ని చూసి సొంత బోట్లలో వచ్చేవాళ్లు కూడా స్లో చేస్తారన్నది వాళ్ల మాట. ప్రొఫెషనల్ బోట్లను పంపించేస్తే, అక్కడ ఓర్కాలు ఉన్నాయని కూడా తెలియని ప్రైవేట్ బోట్లు ఫుల్ స్పీడ్‌తో దూసుకెళ్తాయని అంటున్నారు. ఓర్కాలు కనిపించిన సమాచారం కూడా వీళ్ల నుంచే ఎక్కువగా అందుతుంది. ఆ సమాచారంతో పెద్ద ఓడలను, ఫెర్రీలను అప్రమత్తం చేస్తారు.

అటువైపు వాదన మరోలా ఉంది. టూర్ బోట్లు రోజంతా వాటి చుట్టూనే ఉంటాయి. ఒక బోటు వెళ్తే ఇంకోటి వస్తుంది. గుంపుగా ఆగిన బోట్లే మిగతావాళ్లకు దారి చూపిస్తాయి. 2025 రూల్ టూర్ బోట్లతో పాటు సొంత బోట్లకు కూడా వర్తించేలా పెట్టడంతో ఈ గొడవకు కొంతవరకు సమాధానం దొరికింది.

ఓర్కాలే మన దగ్గరికి వస్తే?

సముద్రంలో ఇది జరిగేదే. అప్పుడు కంగారు పడి స్పీడ్ పెంచకూడదు. సదరన్ రెసిడెంట్లు 400 గజాల లోపు కనిపిస్తే, సేఫ్ అయితే ఇంజిన్‌ను న్యూట్రల్‌లో పెట్టి అవి వెళ్లిపోయే దాకా ఆగాలి. 400 నుంచి 1000 గజాల మధ్య ఉంటే 7 నాట్ల లోపు స్పీడ్‌తో మెల్లగా వాటి దారి నుంచి తప్పుకోవాలి.

అవి సదరన్ రెసిడెంట్లా, బిగ్సా అని ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్న కెప్టెన్లు వెన్ను రెక్క ఆకారం, దాని వెనక ఉండే బూడిద రంగు మచ్చను చూసి గుర్తుపడతారు. 1970ల్లో కెనడా సైంటిస్ట్ మైఖేల్ బిగ్ ఈ పద్ధతిని మొదలుపెట్టారు. బిగ్స్ ఓర్కాలకు ఆ పేరు వచ్చింది ఆయన వల్లే. మీకు అంత అనుభవం లేకపోతే, ఏ ఓర్కా అయినా 1000 గజాలు పాటించడమే సేఫ్.

ఫైన్ ఎంత?

రాష్ట్ర చట్టం ప్రకారం 500 డాలర్లు, పైన అదనపు చార్జీలు. ఫెడరల్ కేసు అయితే ఇంకా సీరియస్. మెరైన్ మ్యామల్ ప్రొటెక్షన్ యాక్ట్‌లో కావాలని చేసినట్టు రుజువైతే ఏడాది వరకు జైలు శిక్ష పడే సెక్షన్ ఉంది. అత్యవసర పరిస్థితులు, ప్రభుత్వ డ్యూటీలో ఉన్న బోట్లు, షిప్పింగ్ లేన్‌లో వెళ్లే ఓడల వంటి వాటికి మాత్రం మినహాయింపులు ఉన్నాయి.

మిగతా చోట్ల రూల్స్ ఇలా..

* హవాయి, అలాస్కా: హంప్‌బ్యాక్‌లకు 100 గజాల దూరం అక్కడ గైడ్‌లైన్ కాదు, చట్టమే. హవాయిలో విమానాలు, హెలికాప్టర్లు 1000 అడుగుల లోపు రాకూడదు.
* అమెరికా తూర్పు తీరం: నార్త్ అట్లాంటిక్ రైట్ వేల్‌కు 500 గజాలు. 1997 నుంచి అమల్లో ఉంది.
* కెనడా: 2018 రూల్స్ ప్రకారం సాధారణంగా 100 మీటర్లు, బ్రిటిష్ కొలంబియాలో కిల్లర్ వేల్స్‌కు 200 మీటర్లు. 2019లో సదరన్ రెసిడెంట్ల ప్రాంతంలో దాన్ని 400 మీటర్లు చేశారు. శాన్ వాన్ దీవుల నుంచి కెనడా సరిహద్దు కొద్ది దూరమే. దాటితే రూల్ మారుతుంది.
* న్యూజిలాండ్: ఇక్కడ పద్ధతే వేరు. ప్రభుత్వ కన్జర్వేషన్ శాఖ పర్మిట్ లేకుండా టూర్ నడపకూడదు. 1992 రూల్స్ ప్రకారం వేల్‌కు 50 మీటర్ల లోపు, పిల్లతో ఉంటే 200 మీటర్ల లోపు బోటు వెళ్లకూడదు. 300 మీటర్ల పరిధిలో మూడు బోట్లకు మించి ఉండకూడదు. కైకౌరా అనే ఊళ్లో 1987లో మావోరీ కుటుంబాలు ఇళ్లు తాకట్టు పెట్టి మొదలుపెట్టిన వేల్ వాచింగ్ కంపెనీ ప్రపంచ ప్రసిద్ధి చెందింది. పోటీగా మరో కంపెనీకి పర్మిట్ ఇచ్చే విషయం కోర్టుకెక్కితే, ఆ తీరంతో తరతరాల సంబంధమున్న న్గాయి తాహు తెగకు తగిన ప్రాధాన్యం ఇవ్వాలని 1995లో అప్పీల్ కోర్టు తేల్చింది.

మన దగ్గర చూస్తే, తిమింగలాలు, డాల్ఫిన్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులికి ఉన్నంత రక్షణ. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని చిలికా సరస్సులో ఇరావడీ డాల్ఫిన్లను చూడటానికి వెళ్లే తెలుగు టూరిస్టులు, బోటు నడిపే వ్యక్తిని "ఇంకా దగ్గరికి పోనీ" అని తొందరపెట్టే ముందు ఈ విషయం గుర్తుంచుకుంటే మంచిది.

టికెట్ కొనే ముందు చెక్ చేసుకోండి..

1. కంపెనీకి వాషింగ్టన్ రాష్ట్ర వేల్ వాచింగ్ లైసెన్స్ ఉందో లేదో అడగండి. ఉన్నవాళ్లు దాచుకోరు.
2. ఆరుగురికి మించి ప్యాసింజర్లను ఎక్కించుకునే బోటుకు అమెరికా కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి. చిన్న బోటైనా కెప్టెన్‌కు కోస్ట్ గార్డ్ లైసెన్స్ తప్పనిసరి.
3. "చాలా దగ్గర నుంచి చూపిస్తాం" అని ఊరించే యాడ్ కనిపిస్తే అనుమానించండి.
4. వేల్ కనిపించకపోతే రీఫండా, మరో ట్రిప్పా అన్నది ముందే తెలుసుకోండి.
5. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. ఫోన్ జూమ్ కంటే అవే బెటర్. డ్రోన్ మాత్రం వద్దు, వేధింపు కేసు అయ్యే ప్రమాదం ఉంది.
6. వేల్స్‌కు తిండి విసరడం, తాకడానికి ప్రయత్నించడం చేయకూడదు. పిల్లలకు ముందే చెప్పండి.

బోటు ఎక్కకుండానే చూసే అవకాశం కూడా ఉంది. శాన్ వాన్ దీవి పశ్చిమ తీరంలోని లైమ్ కిల్న్ పాయింట్ స్టేట్ పార్క్ ఇందుకు బాగా పేరున్న స్పాట్. లైట్‌హౌస్ పక్కన రాళ్ల మీద కూర్చుంటే ఓర్కాలు తీరానికి దగ్గరగానే వెళ్తుంటాయి. కచ్చితంగా కనిపిస్తాయన్న గ్యారెంటీ లేదు. కానీ నీళ్లలో ఇంజిన్ శబ్దం ఉండదు, దూరం రూల్ భయం ఉండదు. సదరన్ రెసిడెంట్లను దగ్గరగా చూడాలనుకునే వాళ్లకు ఇప్పుడు చట్టం వదిలిన మంచి దారి ఒడ్డే.